ఫ్రేము లేని పలక

సైట్ మైనస్ ఆరు దాటినవాళ్లు కళ్లజోళ్ల షాపులో అడిగే మొదటి మాట ఒకటే: “అన్నా, అద్దం లావు కనపడకూడదు.” షాపులో అన్న జవాబు కూడా ఒకటే: “రిమ్‌లెస్ తీసుకో తమ్ముడూ, పెట్టుకున్నట్టే ఉండదు. గ్లాసు 1.74 వేద్దాం, కాగితంలా ఉంటది.” మార్కాపురం, గిద్దలూరు, కంభం ఏ ఊరైనా ఈ సంభాషణ పెద్దగా మారదు. ఈ రెండు మాటల మధ్యన ఇంట్లోవాళ్లు మిర్చి అమ్మి దాచిన డబ్బులో ఎనిమిది, పది వేలు వెళ్లిపోతాయి. అద్దం మాత్రం కాగితంలా రాదు.

రిమ్‌లెస్ చెడ్డదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఫ్రేము రకమూ కాదు, గ్లాసు రేటూ కాదు, సైజు అంటున్నాను. ఆ మాట షాపులో ఎవరూ ఎత్తరు. మనమైనా ఎత్తాలి కదా, ఇంటర్ రెండో సంవత్సరంలో లెన్స్ మేకర్ ఫార్ములా నిద్రలో అడిగినా చెప్పినవాళ్లం. నాలుగు మార్కుల కోసం నేర్చుకున్నదాన్ని ముక్కు మీద పెట్టుకునే వస్తువుకి వాడటానికి మనకేం రోగం?

లెక్క చిన్నదే. మైనస్ లెన్సు మధ్యలో పలుచగా, అంచున లావుగా ఉంటుంది. మధ్య నుంచి అంచు ఎంత దూరమో మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని పవర్‌తో గుణించి, 2000 × (ఇండెక్స్ − 1) తో భాగించండి. వచ్చినదానికి మధ్య మందం కలిపితే అంచు మందం వస్తుంది. స్థూలమైన లెక్కే గానీ షాపులో నిలబడి ఫోన్లో వేసుకోవడానికి చాలు.

మైనస్ ఎనిమిది పవర్, రెండు కనుపాపల మధ్య దూరం 62 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫ్రేము కాడ లోపల 52, 18, 140 అని అంకెలుంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద బ్రిడ్జి, మూడోది కాడ పొడవు. 52కి 18 కలిపితే 70. కళ్ల దూరం 62 కాబట్టి ఒక్కో లెన్సు కేంద్రాన్ని 4 మిల్లీమీటర్లు ముక్కు వైపు జరపాలి. అప్పుడు చెవి వైపు అంచు కేంద్రానికి 30 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. మధ్య మందం 2 వేసుకుంటే, మామూలు 1.5 ప్లాస్టిక్ గ్లాసు అంచు 9.2 మిల్లీమీటర్లు. 1.67లో 7.4. అన్నిటికన్నా ఖరీదైన 1.74లో 6.9.

ఇప్పుడు అదే మొహానికి 46, 18 ఫ్రేము పెట్టండి. కేంద్రం ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది, దూరపు అంచు 24. మామూలు 1.5 గ్లాసే వేసినా అంచు 6.6 వస్తుంది. అంటే పెద్ద ఫ్రేములో వేసిన 1.74 కంటే చిన్న ఫ్రేములో వేసిన చవక గ్లాసే సన్నం! దూరం వర్గంలో ఉంది, ఇండెక్స్ కింద భాగహారంలో ఉంది. అంతే కిటుకు. చిన్న ఫ్రేములో 1.67 వేస్తే 5.4కి దిగుతుంది. అక్కడ పెట్టిన డబ్బుకి అర్థముంది.

మరి రిమ్‌లెస్ సంగతి? మన మార్కాపురం పిల్లలకి దీన్ని వివరించడం తేలిక. పలక చుట్టూ చెక్క ఫ్రేము ఎందుకు వేస్తారు? అందానికి కాదు. రాయి అంచు పెచ్చులూడకుండా, చెయ్యి గీరుకోకుండా, సంచిలో పడేస్తే మూల విరగకుండా. ఆ ఫ్రేము తీసేస్తే పలక నాజూగ్గా కనిపిస్తుంది, నిజమే. కానీ ప్రతి దెబ్బా నేరుగా రాయికే తగులుతుంది. రిమ్‌లెస్ కళ్లజోడు ఫ్రేము లేని పలక. పైగా దానికి రెండు పక్కలా బెజ్జాలు వేసి కాడల్ని, బ్రిడ్జిని బిగిస్తారు. రోజూ అద్దాలు తీసి పెట్టే బరువంతా ఆ బెజ్జాల దగ్గరే పడుతుంది. రాయి పలకకి అంచు పక్కనే బెజ్జం వేస్తే ఏమవుతుందో మన ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

అందుకే రిమ్‌లెస్‌లో మెటీరియల్ అసలు విషయం. సీఆర్-39 అనే మామూలు ప్లాస్టిక్‌కి బెజ్జం దగ్గర పగుళ్లు వచ్చే అలవాటుంది. 1.74 కూడా పెళుసే. పాలీకార్బొనేట్ గట్టిది, బెజ్జాన్ని తట్టుకుంటుంది. కానీ దానిలో చూపు పక్కకి తిప్పితే ప్రొజెక్టర్ తెర మీద అక్షరాల అంచున నీలం, పసుపు చారలు కనిపిస్తాయి. రంగుల్ని ఎంత తక్కువ చెదరగొడుతుందో చెప్పే అబ్బే నంబరు దానికి 30 దగ్గర, సీఆర్-39కి 58. పవర్ పెరిగేకొద్దీ ఈ తేడా ఎక్కువ బాధపెడుతుంది. మధ్యేమార్గం ట్రైవెక్స్ లేదా 1.60. రెండూ బెజ్జాన్ని బాగా పట్టుకుంటాయి, రెండిటి అబ్బే నంబరూ 40 పైనే. ట్రైవెక్స్ ఇండెక్స్ 1.53 మాత్రమే కాబట్టి కొంచెం లావు వస్తుంది గానీ అన్నిటికన్నా తేలిక. మైనస్ ఎనిమిదికి రిమ్‌లెస్సే కావాలంటే నా ఓటు 1.60కి.

రిమ్‌లెస్‌కి మనలాంటివాళ్ల విషయంలో ఒక నిజమైన లాభం ఉంది, దాన్ని ఎవరూ అమ్మరు. ఫ్రేము లేదు కాబట్టి గ్లాసుని ఏ ఆకారంలోనైనా, ఏ సైజులోనైనా కోయొచ్చు. షాపులో చూపించే డమ్మీ గ్లాసు 54 ఉంటే మనదీ 54 ఉండాలని రూలేం లేదు. “ఇదే మోడల్, 46కి తగ్గించి, మూలలు గుండ్రం చేసి కోయించన్నా” అని అడగొచ్చు. కుదరదంటే పక్క షాపు ఉండనే ఉంది. ఈ మాట అడగని రిమ్‌లెస్ మనకి దండగ, ఎందుకంటే అందులో అంచు దాక్కోవడానికి చోటే లేదు. పక్క బెంచీలో కూర్చున్నవాడికి ఏడు మిల్లీమీటర్లూ కనపడతాయి. అదే చిన్న గుండ్రటి షెల్ ఫ్రేము అయితే గ్లాసు అంచుని సగం తనలోనే దాచేసుకుంటుంది. నాకు నచ్చేది అదే. పాతకాలపు మాస్టారిలా ఉంటుందని మా రూమ్మేట్ల కామెంట్. ఉండనివ్వండి.

ఇంకో రెండు ముక్కలు. ఎక్కువ ఇండెక్స్ గ్లాసు వెలుతుర్ని ఎక్కువ వెనక్కి కొడుతుంది. 1.5 గ్లాసు ఒక్కో ముఖం నుంచి 4 శాతం పోతే, 1.74లో 7 శాతం పైన. కాబట్టి రిఫ్లెక్షన్ తగ్గించే కోటింగ్ లేకుండా పెద్ద ఇండెక్స్ కొనడం నెయ్యి పోసి ఉప్పు మానేసినట్టు. కళ్ల మధ్య దూరం కొలవకుండా ఆర్డర్ రాస్తుంటే ఆపండి. మైనస్ ఎనిమిదిలో కేంద్రం 3 మిల్లీమీటర్లు పక్కకి పోతే 2.4 ప్రిజమ్ డయాప్టర్లు. సాయంత్రానికి వచ్చే తలనొప్పికి ఇది కారణం కావచ్చు. మనం మాత్రం ల్యాబ్ రికార్డులు రాయడం వల్ల అనుకుంటాం.

ఇంత లెక్క తెలిసినా చాలామంది పెద్ద రిమ్‌లెస్సే ఎందుకు కొంటారు? సోడాబుడ్డి అనే మాట వల్ల. హైస్కూల్లో మొదటిసారి అద్దాలు పెట్టుకొచ్చిన రోజే ఆ పేరు పడిపోతుంది. 2019 అక్టోబర్ 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమంలో ముందు బడిపిల్లల కళ్లే పరీక్షించారు. అప్పుడు మనం హైస్కూల్లో ఉన్నాం. ఇచ్చిన అద్దాల్ని జామెట్రీ బాక్సులో దాచిపెట్టి ముందు బెంచీకి జరిగినవాళ్లు నాకు తెలుసు. ఆడపిల్లలకి ఇంకా ఎక్కువ. మా పిన్ని కూతురిది మైనస్ ఏడు. పెళ్లిచూపుల రోజు అద్దాలు తీసేయమన్నారు. మైనస్ ఏడు అంటే స్పష్టంగా కనిపించేది పద్నాలుగు సెంటీమీటర్ల వరకే, జానెడు కూడా కాదు. టీ కప్పుల ప్లేటు పట్టుకుని గడప తడుముకుంటూ నడిచింది. అబ్బాయి నచ్చాడా అని తర్వాత అడిగితే, “చొక్కా నీలంరంగు” అంది. మేం నవ్వాం, తను నవ్వలేదు. ఆ తర్వాతే వాళ్ల నాన్న అప్పు చేసి మరీ రిమ్‌లెస్ కొన్నాడు, 53 సైజుది.

నాకు కోపం వచ్చేది ఆ డబ్బు దగ్గరే. గ్లాసు సన్నం చెయ్యడానికి వేలు పెట్టే ఇంట్లో కంటి లోపల చూపించుకోవడానికి ఒక రోజు కేటాయించరు. మైనస్ ఎనిమిది కన్ను మామూలు కన్నుకంటే దాదాపు మూడు మిల్లీమీటర్లు పొడవు సాగి ఉంటుంది. దానితోపాటు వెనకున్న రెటీనా కూడా సాగి పలుచనవుతుంది. చిరిగే, ఊడే ప్రమాదం మనలాంటివాళ్లకే ఎక్కువ. ఏ అద్దం పెట్టుకున్నా, చివరికి లేజర్ చేయించుకుని అద్దాలే తీసేసినా ఆ పొడవు తగ్గదు. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు వచ్చినా, నల్ల చుక్కలు గుంపుగా కనపడినా, ఒక పక్క నుంచి తెర పడ్డట్టున్నా సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. అదే రోజు బయల్దేరాలి.

ఏ లక్షణం లేకపోయినా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు బండెక్కితే పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి ఉంది, ఇంకాస్త ముందుకెళ్తే విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఉంది. చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి చూస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలపాటు వెలుతురు గుచ్చుకుంటుంది, ఫోన్లో అక్షరాలు అలుక్కుపోతాయి. కాబట్టి టికెట్ ముందే బుక్ చేసుకుని, తిరుగు ప్రయాణంలో బోగీ నంబరు చదివిపెట్టడానికి ఒక ఫ్రెండుని వెంటబెట్టుకెళ్లండి.