రమ్మంటే దూరం జరిగే చందమామ

జనవరిలో తెల్లవారుజామున మర్పల్లిలో చలికి పళ్లు కటకటలాడతాయి. కంది కోతలకు పోయేవాళ్లు చెద్దరు కప్పుకునే పొలం బాట పడతారు. కానీ ఏడాది మొత్తంలో సూర్యుడు మనకు బాగా దగ్గరగా ఉండేది సరిగ్గా అప్పుడే! జనవరి మొదటి వారంలో ఆ దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు. జులై మొదటి వారానికి 15.21 కోట్లు. అంటే 50 లక్షల కిలోమీటర్ల తేడా.

మరి చలెందుకు? భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతోంది కాబట్టి. జనవరిలో మన సగం సూర్యుడికి ఎడంగా ఒరుగుతుంది. ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలూ తక్కువే. మే రెండో వారంలో మర్పల్లిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే కనిపించదు. ఎండల సంగతి తేల్చేది దూరం కంటే ఆ ఒరుగుడే.

ఇక చందమామ. ఒకే నెలలో మనకు 3.6 లక్షల కిలోమీటర్ల దాకా దగ్గరికొచ్చి, మళ్లీ 4.05 లక్షల దాకా వెళ్తుంది. ఇది రోజువారీ రాకపోకల్లాంటిది. అసలు ప్రయాణం వేరే ఉంది: చందమామ ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతోంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టిన అద్దాల మీదికి లేజర్ కాంతిని పంపి, అది తిరిగి రావడానికి పట్టే రెండున్నర సెకన్లను కొలిచి తేల్చిన లెక్క ఇది.

కారణం మన సముద్రాలే. చందమామ లాగితే నీళ్లు ఉబ్బుతాయి. భూమి వడిగా తిరుగుతూ ఆ ఉబ్బును కాస్త ముందుకు ఈడ్చుకుపోతుంది. ఆ ఉబ్బు చందమామను ముందుకు లాగి పై కక్ష్యకు తోస్తుంది. ఆ తోపుకు భూమి తన వేగాన్నే ఖర్చు పెడుతుంది. అందుకే నూరేళ్లకు రోజు దాదాపు రెండు మిల్లీసెకన్లు పెరుగుతోంది. సూర్యుడు కూడా సెకనుకు 40 లక్షల టన్నులు వెలుగుగా కరిగిపోతూ పట్టు సడలిస్తున్నాడు. లెక్క ప్రకారం ఆయన నుంచి మనం ఏటా ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతున్నాం.

సెంటీమీటర్లతో మనకేం పని అంటారా? 1980 ఫిబ్రవరి 16 గుర్తున్న పెద్దల్ని అడగండి. ఆ రోజు చందమామ దగ్గరి కొసలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర దాదాపు రెండు నిమిషాలు పట్టపగలే చీకటి పడింది. మర్పల్లి ఆ దారికి బయట ఉండడంతో ఇక్కడ పాక్షికమే. 2020 జూన్ 21న చందమామ దూరంగా ఉంది. సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేక, ఉత్తరాదిన అంచున ఉంగరం మిగిలింది. ఇలా జరుగుతూ పోతే సుమారు 60 కోట్ల ఏళ్లకు భూమ్మీద సంపూర్ణ సూర్యగ్రహణమే ఉండదు.

1980లో ఎంతోమంది తలుపులు బిగించుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, లద్దాఖ్ వైపు. ఈసారి గ్రహణమొస్తే పిల్లల్ని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడనివ్వద్దు. అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఆ చిల్లులోంచి గోడ మీద పడే బొమ్మను చూపించండి. ఇంత చక్కగా కుదిరిన దూరాలు ఎల్లకాలం ఉండేవి కావు మరి.