ముందు ఆ పసుపు పిన్ను పీకండి

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చాలా ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ పెళ్లి డిస్కులు భద్రంగా ఉన్నాయి. ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇప్పుడు మన మధ్య లేని పెద్దవాళ్ల మాటలు, నవ్వులు వాటిలోనే ఉన్నాయి. పండక్కో, గల్ఫ్ నుంచి పిల్లలు వచ్చినప్పుడో హాల్లోకి 43 అంగుళాల టీవీ వచ్చింది గానీ, డీవీడీ ప్లేయరుకు మాత్రం ఆ పాత మూడు పిన్నుల వైరే. బొమ్మ మసగ్గా కనబడితే డిస్కు పాడైందంటారు, లేదా వీడియో తీసినతన్ని తిడతారు. చాలాసార్లు తప్పు డిస్కుదీ కాదు, అతనిదీ కాదు, మధ్యలో ఉన్న వైరుది.

డిస్కులో వెలుగునీడల సమాచారం, రంగుల సమాచారం విడివిడిగా ఉంటాయి. ఆ మూడు పిన్నుల్లో బొమ్మను మోసే పసుపు పిన్నుకున్నది ఒక్కటే దారి కాబట్టి ప్లేయరు ఆ రెంటినీ కలిపి పంపుతుంది. మన పాల్ పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, వెలుగు సంకేతం మధ్యలోనే ఇరుక్కుని వెళ్తుంది. అవతల టీవీ వాటిని మళ్లీ విడదీయాలి, అది ఎప్పుడూ పూర్తిగా కుదరదు. బండారులంక చీర సన్నంచు తెర మీదకు వచ్చినప్పుడు దగ్గరగా చూడండి. చీరలో లేని రంగులు ఆ గీతల మీద మిలమిలలాడతాయి. పెళ్లి వీడియో మొదట్లో వచ్చే ఎర్రటి పేర్ల అంచుల వెంట సన్న చుక్కలు పాకుతుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నుల కాంపొనెంట్ వైరులో ఈ గొడవ లేదు. ఆకుపచ్చది వెలుగును, మిగతా రెండూ రంగులను వేర్వేరుగా మోస్తాయి. హెచ్‌డీఎంఐ అయితే బొమ్మను అంకెల రూపంలోనే టీవీ దాకా చేరుస్తుంది, శబ్దమూ అదే వైరులో వస్తుంది. కాబట్టి ప్లేయరుకు, టీవీకి రెంటికీ హెచ్‌డీఎంఐ ఉంటే అదే పెట్టాలి. లేకపోతే కాంపొనెంట్, తర్వాత వెలుగును, రంగును విడిగా పంపే ఎస్-వీడియో. ఇవేవీ లేనప్పుడే పసుపు పిన్ను.

పాత డిస్కుకు ఇంత హంగామా ఎందుకని అడగవచ్చు. 21 అంగుళాల పాత డబ్బా టీవీలో తేడా పెద్దగా తెలిసేది కాదు, నిజమే. పెద్ద తెర మీద ప్రతి లోపమూ సాగి కనిపిస్తుంది. అలాగని హెచ్‌డీఎంఐ మాయ చేస్తుందని అనను. మన డీవీడీ బొమ్మ 720×576 చుక్కలే, వీసీడీ అయితే 352×288. ప్లేయరులో 1080 అని పెట్టినంత మాత్రాన డిస్కులో లేని వివరం పుట్టదు. ఉన్నది పోకుండా చూడటమే వైరు పని. అందుకే బంగారు పూత వైరుకు వేలు పోయవద్దు. రెండు మీటర్ల లోపు దూరానికి మామూలు హెచ్‌డీఎంఐ వైరు అదే బొమ్మనిస్తుంది. వైరు మార్చాక ప్లేయరు సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్ కూడా మార్చాలి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉందేమో చూడండి. అమెరికా నుంచి వచ్చిన డిస్కు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉండవచ్చు కాబట్టి టీవీ సిస్టమ్‌ను ఆటోలో ఉంచడం మేలు.

ఇక అసలు ప్లేయరే ఎందుకు, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే సరిపోదా అనేవారి మాట సబబే. ఇలా రికార్డు చేసిన డిస్కులు శాశ్వతం కావు, మన ఉప్పుగాలికి, తేమకు మరీను. అయితే ఆ ఎక్కించడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పసుపు పిన్ను ద్వారా మళ్లీ రికార్డు చేస్తే ఆ చుక్కలు, ఆ దొంగ రంగులు కాపీలో శాశ్వతంగా ఉండిపోతాయి. స్టూడియోకు ఇచ్చేటప్పుడు డిస్కులోని ఫైళ్లను కంప్యూటరులో ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయమని అడగండి, ఆ పని పూర్తయినా డిస్కును పారేయకండి.