పొద్దుగూకే వేళ ఏడుపు

నెల దాటిన బిడ్డ ఉన్న ఇంట్లో పొద్దుగూకే వేళ ఎట్లా ఉంటుందో చిత్తూరు వైపు ఆడవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పగలంతా పాలు తాగి నిద్రపోయిన బిడ్డ, దీపాలు పెట్టే వేళకు గుక్కపట్టి ఏడుస్తుంది. మొహం ఎర్రగా కందిపోతుంది. పిడికిళ్ళు బిగుసుకుంటాయి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాయి. పాలివ్వబోతే మొహం తిప్పుకుంటుంది, చీర ఉయ్యాలలో వేస్తే ఇంకా పెద్దగా ఏడుస్తుంది. అప్పుడు అవ్వ లేస్తుంది. "బిడ్డకు దిష్టి తగిలిండాది. ఉప్పూ మిరపకాయలూ తే మ్మే" అంటుంది. మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసి, బిడ్డను భుజాన వేసుకుని, వీపు నిమురుతూ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంది. కాసేపటికి బిడ్డ సద్దుమణుగుతుంది.

మా చెల్లెలు పుట్టినప్పుడు ఆ మిరపకాయలు తెచ్చిచ్చింది నేనే. ఏడుపు మాన్పింది మిరపకాయలేనని చాలా ఏళ్ళు నమ్మాను కూడా. ఆ భుజాన్నీ ఆ నడకనూ లెక్కలోకి తీసుకోవాలని నాకు తోచలేదు.

అవ్వ చూసినదాంట్లో తప్పు లేదు. ఏడుపు సాయంత్రమే ఎక్కువన్నది నిజం. కడుపు నిండిన బిడ్డ కూడా ఏడుస్తుందన్నది నిజం. బ్రేజిల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 80 మంది పసిబిడ్డల తల్లుల చేత రోజూ ఏడుపు లెక్క రాయించి, ఆ లెక్కను 1962లో అచ్చువేశాడు. రెండో వారంలో రోజుకు సుమారు గంటా ముప్పావు ఏడ్చిన బిడ్డలు ఆరో వారానికి రెండు గంటల ముప్పావు ఏడ్చారు. అక్కణ్ణించి తగ్గుతూ వచ్చి, మూడో నెల నిండేసరికి ఏడుపు బాగా తగ్గిపోయింది. అక్కడా సాయంత్రాలే గడ్డు వేళలు. ఆఫ్రికాలో కలహారి ఎడారి కుంగ్ తెగ తల్లులు బిడ్డను దాదాపు దించకుండా మోసేవాళ్ళు, గంటకు చాలాసార్లు పాలిచ్చేవాళ్ళు. వాళ్ళ బిడ్డలు ఏడ్చేది తక్కువసేపే అయినా, మొదటి మూడు నెలల్లో పెరిగి తగ్గే తీరు అక్కడా కనిపించింది. తిరుపతి వీధుల్లో ఎవరి కన్ను పడిందని ఆ బిడ్డలు ఏడ్చినట్టు?

ఇక తాయెత్తు సంగతి. రెండో వారంలో ఎవరూ పరుగులు పెట్టరు. ఏడుపు భరించలేనంత అయినప్పుడే, అంటే నలభై రోజులకు అటూ ఇటూగా, మసీదు దగ్గరికో మంత్రం వేసే పెద్దాయన దగ్గరికో పోతారు. సరిగ్గా అక్కణ్ణించే ఏడుపు తనంతట తాను తగ్గుతుంది. ఆ వారంలో బిడ్డ మొలకు ఏది కట్టినా, ఏది తాగించినా దానికే పేరొస్తుంది. గ్రైప్ వాటర్‌కు వచ్చిన పేరులోనూ ఇందులో చాలా భాగం ఉంది. 1851లో ఇంగ్లండులో పుట్టిన ఆ సీసాలో చాలాకాలం పాటు సారాయి కూడా కలిసేది.

బిడ్డ చిక్కిపోయి ఏడుస్తుంటే మన వైపు పక్షి దోషం అంటారు. ఇది పాత మాట. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం చెప్పిన తొమ్మిది బాలగ్రహాల్లో శకుని ఒకటి. శకుని అంటే పక్షి. మన పాత వైద్యం అక్కడితో ఆగిపోలేదన్నది కూడా చెప్పుకోవాలి. కాశ్యప సంహితలో వేదనాధ్యాయం ఉంది. మాట రాని బిడ్డకు ఎక్కడ నొప్పో కనిపెట్టడం ఎట్లా అన్నదే అందులో విషయం. చెవి నొప్పి అయితే చెవుల్ని చేతులతో తాకుతుంది, కడుపు నొప్పి అయితే రొమ్ము వదిలి ఏడుస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది అని బిడ్డను చూసి రాసిన గుర్తులవి. ఆకాశంలో పోయే పక్షి నీడను వెతికేవాళ్ళూ, బిడ్డ చేయి ఎటు పోతోందో చూసేవాళ్ళూ మన నేలమీదే పక్కపక్కన ఉన్నారు. మనం దాచుకోవాల్సింది రెండోవాళ్ళ చూపు.

దిష్టి తీస్తే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. దిష్టి అన్నాక ఆ కన్ను ఎవరిదో తేలాలి. పొద్దున బిడ్డను చూడవచ్చిన బిడ్డలు లేని ఆడమనిషి పేరో, మొగుడు పోయిన ఆడమనిషి పేరో వెంటనే బయటికొస్తుంది. మరుసటి నామకరణానికి ఆమెను పిలవరు. బిడ్డను ఒక్కసారి ఎత్తుకోవాలన్న ఆశ ఆమెకు నేరమైపోతుంది. అప్పటికీ ఏడుపు తగ్గకపోతే నింద తల్లి మీదికి వస్తుంది. పాలు చాలడం లేదనో, పథ్యం తప్పిందనో అంటారు. బిడ్డ బరువు చక్కగా పెరుగుతున్నా డబ్బా పాలు మొదలుపెడతారు, ఉన్న పాలు కూడా తగ్గిపోతాయి.

కొన్ని పనులైతే నేరుగా ప్రమాదమే. ముక్కులో ఆముదం చుక్కలు వేస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. నాలుకకు రాసే వస కొమ్ములో బీటా ఆసరోన్ అనే విషపదార్థం ఉందని అమెరికా 1968లోనే దాన్ని తిండిలో వాడకూడదని నిషేధించింది. అన్నిటికంటే పెద్ద నష్టం, పోయే సమయం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, పాలు పూర్తిగా మానేసినా, పచ్చగా కక్కినా, విరేచనంలో నెత్తురు పడినా, ఎగశ్వాస ఉన్నా, మాడు ఉబ్బినా, గజ్జల్లో వాపు కనిపించినా మంత్రం వేసే ఇంటి ముందు ఒక్క గంట కూడా కూర్చోకూడదు. ఆ గంటకే 108 అంబులెన్స్ ఉంది, తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది.

మిగతా ఏడుపుకు ఏం చేయాలి? ఆకలి, తడిగుడ్డ, ఉక్కపోత, బయటికి రాని తేన్పు, వేలికి చుట్టుకున్న వెంట్రుక, వరసగా చేతులు మారిన అలసట, ఇవన్నీ ముందు చూడాలి. తరువాత అవ్వ చేసే పనే చేయాలి. మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న బిడ్డలు ఆరో వారంలో 43 శాతం తక్కువ ఏడ్చారని 1986లో కెనడాలో తేలింది. తల్లి ఎత్తుకుని కూర్చున్నప్పటికంటే, ఎత్తుకుని నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం తగ్గి శాంతిస్తుందని 2013లో జపాన్ పరిశోధకులు చూపించారు. అయినా కొందరు బిడ్డలు దేనికీ ఊరుకోరు. అది తల్లి చేతగానితనం కాదు. ఓపిక నశించినప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు పక్క గదిలోకి పోవడం తప్పు కాదు. విసుగులో పట్టి ఊపడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

తిరుమలలో ఏడాది లోపు బిడ్డల తల్లిదండ్రులకు సుపథం దారిలో వేరే ప్రవేశం ఉంది. క్యూలో గంటల తరబడి ఉక్కలో, రద్దీలో పసిబిడ్డ ఉండలేదన్న ఎరుకే ఆ ఏర్పాటు వెనుక ఉంది. కొండ మీద ఒప్పుకున్న మాటను కొండ కింద ఇంట్లో ఒప్పుకోవడానికి ఏం అడ్డం?

ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఆ పైన మళ్ళీ మూడో నెలలోనే. ఏడుపు ఎక్కువగా ఉండే రోజులు ఆ 42వ రోజు చుట్టూనే. అందుకే ఆ రోజు బరువూ టీకాలూ చూసుకున్నాక ఇంకొక పది నిమిషాలు కూర్చోవాలి. ఈ ఏడుపు ఇంకో నెలన్నరలో తగ్గుతుందని చెప్పాలి, ఏ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలో వేళ్ళ మీద లెక్కపెట్టించాలి. అవ్వను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ సాయంత్రం బిడ్డను భుజాన వేసుకుని వాకిట్లో తిరగబోయేది ఆమే కదా.