వైకుంఠం గారి నలుపు

తోట వైకుంఠం గారి బొమ్మ మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా సరే. నుదుటి మీద ఇంత పెద్ద ఎర్రబొట్టు, ముక్కుపుడక, మెడ నిండా నగలు, పక్కన ఒక చిలుక. హైదరాబాద్‌లో హోటల్ గోడల మీద, ఫ్లాట్ల హాళ్ళలో ఈ ఆడవాళ్ళు తరచూ ఎదురవుతారు. అన్నీ ఆయన వేసినవే కాదు లెండి, ఆయన్ని చూసి వేసినవి బోలెడు.

అందరూ బొట్టు గురించి మాట్లాడతారు, చిలుక గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ముందు కనబడేది ఆ మనుషుల ఒంటి రంగు. వాళ్ళు నల్లగా ఉంటారు. చామనఛాయ అని మర్యాదకు అనే రంగు కాదు. నాట్లేసి, కలుపు తీసి, ఎండలో నడిచొచ్చిన ఒంటి రంగు.

వైకుంఠం గారు 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్ళు, వాళ్ళ ముఖాల మీది రంగులు ఆయన మనసులో పడిపోయాయట. సినిమా వాళ్ళకు ఇంకో సంగతి: బి. నర్సింగరావు 'దాసి' సినిమాకి కళా దర్శకత్వం ఈయనదే, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అంత చదువుకుని, బరోడా దాకా వెళ్ళి, చివరికి ఆయన వేసింది ఏంటంటే బూరుగుపల్లి ఆడవాళ్ళని.

ఆయన వాడే రంగులు చూడండి. ఎరుపు, కాషాయం, పసుపు. ఎక్కువ కలపడాలు ఉండవు. ఆయన కాన్వాస్ బొమ్మలు చాలావరకు ఆక్రిలిక్‌లో వేసినవి. ఆక్రిలిక్ నీళ్ళతో కలిపే రంగు, నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరాక చదునుగా, నిండుగా నిలబడుతుంది. నూనె రంగుల్లా రోజుల తరబడి తడిగా ఉండి ఒకదాన్లో ఒకటి కరగదు. నల్లటి నుదుటి మీద అట్లాంటి ఎరుపు పెడితే బొట్టు ముందుకు దూకుతుంది. అదే బొట్టు పాలరాయి లాంటి ముఖం మీద పెడితే పాత క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. అంటే ఇక్కడ నలుపు జాలిపడి ఇచ్చిన చోటు కాదు. అది లేకపోతే బొమ్మే లేదు.

ఆ పసుపు మాకు ఇంకో రకంగా కనిపిస్తుంది. ఏర్గట్ల, మోర్తాడ్, బాల్కొండ, ఆర్మూర్ అంతా పసుపు పండించే నేల. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కి వచ్చింది. తొమ్మిది నెలల పంట, తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళ అరచేతులు పచ్చగానే ఉంటాయి, పండగ లేకున్నా.

అందుకే ఆయన మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. నేను చూసిన బొమ్మల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ముస్తాబై కూర్చునే ఉంటారు. మా ఊళ్ళో కూర్చున్న ఆడమనిషి ఒళ్ళో చేట ఉంటుంది, చేటలో తునికాకు ఉంటుంది, నోటితో మాట్లాడుతూ చేత్తో బీడీ చుడుతుంటుంది. మొగుడు గల్ఫ్‌లో ఉంటాడు. ఆ చేట ఆయన బొమ్మల్లో నాకు దొరకలేదు. అయినా ఆ ముఖాల్లో ఉన్న ధీమా చూస్తే, సరే, చేట ఇంకెవరైనా వేస్తారులే అనిపిస్తుంది.

ఎందుకంటే మన చేతిలోని ఫోన్‌కి ఆ ధీమా లేదు. ఇది కొత్త జబ్బేం కాదు. 1950ల నుంచి కొడాక్ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోడానికి ఒక కార్డు పంపేది, దాని పేరు షర్లీ కార్డు. దాని మీద ఉండేది తెల్లమ్మాయి ఫొటో. ఆమె బాగా వస్తే ఫిల్మ్ బాగున్నట్టే లెక్క. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లటి ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయాయి. కోడ్ రాసేవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఏ ముఖాలు చూపించి నేర్పితే అవే నేర్చుకుంటుంది.

ఈ మధ్య మా చిన్నమ్మ బిడ్డకు సంబంధాలు చూస్తున్నరు. మధ్యవర్తి ఫోన్ చేసి, "ఫొటో జర తెల్లగ చేసి పంపుండ్రి" అన్నడు. స్టూడియోకి పోతే అక్కడ అబ్బాయి అడగకముందే చేసి పెట్టిండు. చేతుల రంగు ఒకటి, ముఖం రంగు ఇంకొకటి. బొట్టు కూడా లేత గులాబీ అయిపోయింది! చిన్నమ్మ ఆ ఫొటోనే పంపింది.

ఆ పిల్ల ఊకోలేదు. మధ్యవర్తి పంపిన బయోడేటాలో నంబర్ చూసి, పసుపు కళ్ళంలో దిగిన తన సెల్ఫీ ఒకటి, ఏ ఫిల్టరూ లేనిది, దుబాయ్‌లో ఉన్న ఆ అబ్బాయికే నేరుగా వాట్సాప్ చేసింది. "అన్నా, రేపు చూసి భయపడుడు ఎందుకు, ఇప్పుడే చూసుకోనీ" అంటది నాతోని.

నాలుగు రోజులైంది. రెండు నీలం టిక్కులు పడ్డయి, జవాబు ఇంకా రాలేదు. తనేమో డీపీ కూడా అదే పెట్టుకుంది.