విడిగా వుండే కాగితం

విడాకులు అన్న మాట మనకు బాగా తెలుసు. 'విడు', 'ఆకు' కలిసిన మాట అది. పెద్దల ఎదుట ఆకు చింపి, ఇక నీకూ నాకూ చెల్లు అనుకునే ఆచారం నుంచి వచ్చిందని చెబుతారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ప్రకారం జరిగే విడాకుల జోలికి పోలేదు. 29వ సెక్షనులో వాటిని అలాగే వుండనిచ్చింది.

అదే చట్టంలో 10వ సెక్షను కింద ఇంకో ఏర్పాటు వుంది. దానికి మాత్రం మనకు ఇంటి మాట లేదు. ప్లీడర్లు 'జ్యుడీషియల్ సెపరేషన్' అంటారు. 'న్యాయనిర్ణీత వేర్పాటు' అని తెలుగు చేస్తే, తెలుగు చెప్పుకు బతికే నాకే నోరు తిరగదు. మన ఇళ్ళలో వినబడే మాటలు వేరు. "పుట్టింట్లో వుంటోందట", "మొగుడు ఏలుకోవడం లేదట". ఏలుకునేదీ ఆయనే, ఏలుకోనిదీ ఆయనే. ఆ వాక్యంలో ఆడపిల్ల ఎక్కడా కర్త కాదు. చట్టం చెప్పే వేర్పాటులో కావచ్చు. తేడా అక్కడుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకతె వాళ్ళమ్మగారితో మా ఇంటికి వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం. ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళయి ఎనిమిది నెలలు. అతను రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. రెండోసారి తరువాత ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది.

"విడాకులని మాత్రం అనకండమ్మా. చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం. విడిగా వుండే కాగితం ఏదో వుందటగా, అది తీసుకుంటే సరిపోతుంది. మెళ్ళో పుస్తెలుంటాయి, నలుగుర్లో మాట వుంటుంది" అన్నారు తల్లిగారు.

పిల్ల ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మేడమ్, ఆ కాగితం వస్తే నన్ను మళ్ళీ అక్కడికి పంపించరు కదా?"

నేను చదివింది తెలుగు ఎం.ఏ. న్యాయశాస్త్రంలో నాకు పట్టా లేదు. దావా నడపడానికి ప్లీడరు గారు కావాలి గాని, సెక్షను చదివి అర్థం చేసుకోవడానికి కాస్త ఓపిక చాలు. ముందు పిల్ల ప్రశ్నకే జవాబు చెప్పాను. పంపించరు. కోర్టు వేర్పాటు డిక్రీ ఇచ్చాక భార్యాభర్తలు కలిసి కాపురం చేసి తీరాలన్న విధి వుండదు. ఊరికే పుట్టింట్లో కూర్చుంటే ఆ రక్షణ లేదు. అతను 9వ సెక్షను కింద కాపురానికి రమ్మని దావా వేయవచ్చు. రెండేళ్ళు గడిచాక, కారణం లేకుండా నన్ను వదిలి వెళ్ళిపోయిందని విడాకులే అడగవచ్చు. డిక్రీ చేతిలో వుంటే ఈ రెండు మాటలకూ చోటు లేదు. విడిగా వుంటున్న భార్యను ఆమె ఇష్టం లేకుండా భర్త బలవంతం చేస్తే, అది భారతీయ న్యాయ సంహిత 67వ సెక్షను కింద నేరం కూడా.

ఇంకో సంగతి. పెళ్ళయి ఏడాది నిండనిదే విడాకుల పిటిషను మామూలుగా తీసుకోరు. భరించరాని కష్టం వుందని కోర్టును ఒప్పించి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. వేర్పాటుకు ఆ గడువు లేదు, ఎనిమిది నెలలకైనా అడగవచ్చు. 2003లో వచ్చిన సవరణ వల్ల, భార్య తాను వుంటున్న వూళ్ళోని కోర్టులోనే పిటిషను వేసుకోవచ్చు. మనోవర్తి సంగతి వేర్పాటులోనూ వుంది, విడాకులలోనూ వుంది. ఇద్దరి సంపాదనా చూసి కోర్టు నిర్ణయిస్తుంది.

ఇక తల్లిగారి మాట. ఆవిడ మనసులో వున్న వేర్పాటు 1955 నాటిది. అప్పటి చట్టంలో క్రూరత్వం వేర్పాటుకు కారణమే గాని విడాకులకు కారణం కాదు. అంటే కొట్టే మొగుడి నుంచి సూటిగా విడాకులు పుచ్చుకునే దారి ఆనాడు లేదు! వేర్పాటు డిక్రీ తెచ్చుకుని, రెండేళ్ళు ఆగి, అప్పుడు అడగాలి. అడిగే హక్కు కూడా డిక్రీ తెచ్చుకున్న వారికే. తప్పు చేసిన మనిషికి లేదు. కాబట్టి ఆ రోజుల్లో వేర్పాటు తీసుకున్న భార్య, తనకు ఇష్టమైతే, జీవితాంతం భార్యగానే వుండిపోవచ్చు.

1964లో వచ్చిన సవరణ ఆ అడిగే హక్కును ఇద్దరికీ ఇచ్చింది. 1976లో వచ్చిన సవరణ రెండేళ్ళను ఏడాది చేసింది. విడాకులకూ వేర్పాటుకూ కారణాలను ఒకటే చేసింది. ఇప్పుడు డిక్రీ వచ్చాక ఏడాదిపాటు ఇద్దరూ కలిసి కాపురం చేయకపోతే ఎవరైనా విడాకులు అడగవచ్చు, చెయ్యి చేసుకున్నవాడైనా సరే. అడిగినంతమాత్రాన ఇచ్చి తీరాలని మాత్రం లేదు. 2001లో సుప్రీం కోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. భర్త మరొక స్త్రీతో వుంటున్నాడని భార్య వేర్పాటు తెచ్చుకుంది. కోర్టు కట్టమన్న మనోవర్తి అతను కట్టలేదు. ఆ స్త్రీతోనే వుంటూ, ఏడాది దాటింది కనుక విడాకులిమ్మన్నాడు. తన తప్పునే తాను లాభంగా మార్చుకోవడానికి వీల్లేదని సుప్రీం కోర్టు కాదన్నది. అయితే ప్రతివాడూ మనోవర్తి ఎగ్గొట్టడు కదా. సక్రమంగా కట్టి, ఏడాది ఆగి, పిటిషను వేస్తే? తల్లిగారు అనుకుంటున్న ఆ 'మాట' ఎన్నాళ్ళుంటుందో ఆమె చేతిలో లేదు.

వేర్పాటు వల్ల మేలు లేకపోలేదు. మనసులు మారితే మళ్ళీ కలిసి వుండవచ్చు, ఆ డిక్రీని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. కొత్తగా తలంబ్రాలు అక్కరలేదు. భర్త వీలునామా లేకుండా పోతే, పిల్లలతోనూ అత్తగారితోనూ సమానంగా ఆమెకూ వాటా వుంటుంది. విడాకులు పుచ్చుకున్న భార్యకు అది లేదు. కేంద్ర ప్రభుత్వపు కుటుంబ పింఛను నిబంధనలు కూడా విడిగా వున్న భార్యను, కొన్ని షరతులతో, కుటుంబంలోనే లెక్క వేస్తాయి. యాభై దాటి, పిల్లలు పెద్దవాళ్ళై, మళ్ళీ పెళ్ళి ఆలోచన లేని ఇల్లాలికి ఇవన్నీ విలువైనవే.

ఇరవై నాలుగేళ్ళ పిల్లకు అలా కాదు. వేర్పాటులో వున్నంతకాలం ఆమె మరో పెళ్ళి చేసుకోకూడదు. చేసుకుంటే నేరం. వేర్పాటును ఇవాళ్టి గొడుగుగా పట్టుకోమనండి, నేను సరే అంటాను. చెల్లెలి పెళ్ళి కోసం అక్కను ఆ గొడుగు కిందే నిలబెట్టి వుంచడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ మాట పైకే అన్నాను. తల్లిగారికి రుచించలేదు. కాఫీ సగంలో వదిలి లేచారు.

గుమ్మం దాకా వెళ్ళాక పిల్లకు ఇంకో విషయం చెప్పాను. ఇది చాలామంది ప్లీడర్లు కూడా అడిగితే గాని చెప్పరు. పెళ్ళి నిలిచి వుంటే వారసత్వం రెండువైపులా నిలిచి వుంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నదంతా భర్తకు పోతుంది. భర్త లేకపోతే భర్త వారసులకు. ఆమె కన్న తల్లిదండ్రులు ఆ వరుసలో మూడోవారు. వేర్పాటు డిక్రీ ఈ వరుసను మార్చదు. తల్లి పేరు నామినీగా వుందిలే అనుకోవడానికి లేదు. బ్యాంకు డిపాజిట్టు డబ్బు నామినీ చేతికి వచ్చినా హక్కు వారసులదే.

"వీలునామాకు స్టాంపు కాగితం కావాలా, మేడమ్?" అని అడిగింది, చెప్పులు తొడుక్కుంటూ.

అక్కరలేదు. తెల్లకాగితం చాలు. తన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు వుండాలి. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే గాని, తప్పనిసరి కాదు.