చౌడుకు శిలీంధ్రం తోడు మాత్రమే

అవనిగడ్డ: సముద్రపు పోటు నీరు మురుగు కాల్వల గుండా ఎగదన్నడంతో కృష్ణా డెల్టా శివారు భూములు చౌడుబారుతున్నాయి. నాగాయలంక, కోడూరు మండలాల రైతులకు ఇది పాత బెడదే. ఇలాంటి నేలలకు వేరు శిలీంధ్రాలు, నానో రేణువులు ఉపకరిస్తాయన్న పరిశోధనలు ఇటీవల ఆశలు రేపుతున్నాయి. అయితే వాటి పరిమితులనూ గుర్తించాల్సి ఉంది.

మట్టి లవణ సూచిక (ఈసీ) 4 దాటితే పాలచౌడుగా పరిగణిస్తారు. వరి దిగుబడి 3 దాటగానే తగ్గడం మొదలవుతుంది. వేళ్లలో పెరిగే మైకోరైజా శిలీంధ్రం సన్నని పోగులతో భాస్వరాన్ని, నీటిని మొక్కకు అందిస్తుంది. సోడియం తాకిడిని తగ్గించి పొటాషియం నిలిచేలా చేస్తుంది. జింక్ ఆక్సైడ్, సిలికా నానో రేణువులు మొక్కకు ఉప్పును తట్టుకునే శక్తినిస్తాయని కుండీ ప్రయోగాల్లో తేలింది. జింక్ రేణువుల మోతాదు మించితే మాత్రం శిలీంధ్రానికే చేటు.

అసలు చిక్కు మడిలోనే ఉంది. నీరు నిలిచిన వరిచేలో గాలి ఆడక శిలీంధ్రం వ్యాప్తి మందగిస్తుంది. వరి తర్వాత వేసే మినుముకు అది అనుకూలమే అయినా, ఆ పైరు ఉప్పును బొత్తిగా ఓర్వలేదు.

పైగా ఈ రెండూ నేలలోని ఉప్పును తొలగించలేవు. మంచినీటితో కడిగి, మురుగు ద్వారా బయటకు పంపాల్సిందే. జిప్సం వేయాల్సింది కారుచౌడుకు. పాలచౌడుకు వేస్తే ఖర్చే మిగులుతుంది. అందుకే ముందు భూసార పరీక్ష తప్పనిసరి. బాపట్లలో లవణ నేలల పరిశోధన కేంద్రం అందుబాటులోనే ఉంది.

శిలీంధ్రపు పొట్లం ఖర్చు రైతు భరించవచ్చు. మురుగు కాల్వల పూడికతీత, పోటును ఆపే తూము తలుపుల మరమ్మతు మాత్రం ప్రభుత్వ బాధ్యత. అది నెరవేరనిదే పొట్లాలు ఫలించవు.