ఫీజు కట్టని తల్లికి న్యాయం లేదా?

మన వాడల్లో మెడ నిలబడని బిడ్డలున్నారు. మూడేళ్లొచ్చినా కూర్చోలేరు. కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతాయి. గుటక పడదు, మాట రాదు. తల్లి ఆ బిడ్డను ముసలమ్మకు అప్పజెప్పి కూలికి పోవాలి, లేదంటే కూలి మానుకుని ఇంట్లో కూర్చోవాలి. ఎందుకిట్లా అయిందని అడిగితే ఊరేం చెప్తుంది? గ్రహణం నాడు బయటికొచ్చింది అంటుంది. పోయిన జన్మలో ఏ పాపం చేసిందో అంటుంది. అత్త కోడల్ని అంటుంది, మొగుడు పెళ్లాన్ని అంటాడు. కాన్పు చేసిన ఆస్పత్రిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు. మనల్ని తరతరాలుగా ఊరి బయట ఉంచింది ఈ కర్మ మాటే. దాన్ని పురిటిగదిలోకి రానివ్వొద్దంటున్నాం మేము.

ఈ జబ్బు పేరు సెరిబ్రల్ పాల్సీ. కడుపులో ఉండగానో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడు దెబ్బతింటే వస్తుంది. ప్రతిదీ డాక్టరు తప్పు కాదు. నెలలు నిండకుండా పుట్టినా రావచ్చు, కడుపుతో ఉన్న తల్లికి ఇన్ఫెక్షన్ సోకినా రావచ్చు. ఆ నిజం దాచిపెట్టి కేసులు వెయ్యమని మేము చెప్పం. కానీ తప్పించగలిగినవి కూడా ఉన్నాయి. నొప్పులు పడుతున్న తల్లి పొట్ట మీద బిడ్డ గుండె చప్పుడు కనీసం అరగంటకోసారి వినాలి. బిడ్డ బయటికొచ్చే దశలో ఐదు నిమిషాలకోసారి వినాలి. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు ఎక్కించి, చూసే దిక్కు లేకుండా వదిలేస్తే గర్భసంచి మరీ బిగిసి బిడ్డకు ప్రాణవాయువు అందదు. పుట్టి ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. పసికందుకు కామెర్లు ముదిరితే లైటు కింద పెట్టాలి, అవసరమైతే రక్తం మార్చాలి. ఇవి చెయ్యక బిడ్డ చెడిపోతే అది విధి కాదు. విధి నిర్వహణలో లోపం.

మరి చట్టం ఏమంటోంది? డబ్బు కట్టి కాన్పు చేయించుకున్నవాళ్లు వినియోగదారుల చట్టం కింద పరిహారం అడగొచ్చు. డాక్టర్ల సంఘం ఎంత కొట్లాడినా 1995 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పాత చట్టం పోయి 2019 చట్టం వచ్చినా ఈ హక్కు పోలేదు. మనముండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. ఆస్పత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు. వకీలు లేకపోయినా మన గోడు మనమే చెప్పుకోవచ్చు. 1998లో, సూది మందు తప్పుగా ఇచ్చినందువల్ల మెదడు దెబ్బతిన్న ఒక పసివాడి కేసులో సుప్రీంకోర్టు బిడ్డకు పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు వేరుగా ఐదు లక్షలు ఇమ్మంది. బిడ్డ బాధ వేరు, కన్నవాళ్ల బాధ వేరని ఒప్పుకుంది.

గడువు మాత్రం రెండేళ్లే. ఈ జబ్బు ఇదేనని తేలేసరికే ఏడాది, ఏడాదిన్నర గడిచిపోతుంది. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించొచ్చు. కానీ దాని మీద ఆశపెట్టుకుని కూర్చోవద్దు. అనుమానం వచ్చిన రోజే కదలాలి.

అదే 1995 తీర్పులో మనకు అడ్డంగా ఒక గోడ కూడా ఉంది. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వాసుపత్రి ఈ చట్టం కిందికి రాదంది. పేరు రాయించుకునే చీటీకి ఇచ్చిన చిల్లర ఫీజు కాదంది. ప్రజలు కట్టే పన్ను కూడా ఫీజు కాదంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రైతే ఉచితంగా చూపించుకున్నవాళ్లకూ హక్కుందని చెప్పింది. ఈ ముక్క మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఉచిత ఆస్పత్రికి కాన్పుకు పోయేదెవరు? దొరసాని కాదు గదా. మాల మాదిగ వాడల ఆడపడుచులు, తండాల వాళ్లు, కూలి చేసుకుని బతికేవాళ్లు. మనం కొనే అగ్గిపెట్టె మీదా సబ్బుబిళ్ల మీదా పన్ను పోతూనే ఉంది. అది లెక్కలోకి రాదట. తప్పు ఒక్కటే, దెబ్బ ఒక్కటే. డబ్బు కట్టినవాడి బిడ్డకు దగ్గర దారి, కట్టలేనివాడి బిడ్డకు చుట్టుదారి. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినవాళ్లం మనం. న్యాయంలో రెండు గ్లాసుల పద్ధతిని ఎట్లా ఒప్పుకుంటాం?

దారి చుట్టే గాని మూసుకుపోలేదు. ప్రభుత్వ డాక్టరు నిర్లక్ష్యానికి ప్రభుత్వమే పరిహారం కట్టాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది హర్యానాలో ఒక కూలీ తల్లి. చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలై బిడ్డ పుడితే, ఈ బిడ్డను పెంచేదెట్లా అని సర్కారును సివిల్ కోర్టుకు లాగింది, గెలిచింది. అంతకుముందు 1996లో బెంగాల్‌లో రైలు మీంచి పడ్డ ఒక మనిషిని సర్కారు ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకుండా తిప్పి పంపితే, అది జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ఆ కేసులో ముందు నిలబడింది వ్యవసాయ కూలీల సంఘం. కాబట్టి సివిల్ కోర్టు ఉంది, హైకోర్టులో రిట్ ఉంది. సివిల్ దావాకు మైనరు బిడ్డ విషయంలో గడువు లెక్క పద్దెనిమిదేళ్లు నిండాకే మొదలవుతుంది. అయినా అంతదాకా ఆగితే సాక్ష్యాలు మిగలవు. కులం పేరుతో ఆస్పత్రిలోకి రానివ్వకపోయినా, పదిమందిలో కులం పేరెత్తి తిట్టినా అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది.

వకీలుకు డబ్బులెక్కడివి అంటారు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ చాలు.

అన్నిటికన్నా ముందు కావాల్సింది కాగితం. నొప్పులెప్పుడు మొదలయ్యాయి, ఏ సూది ఎప్పుడిచ్చారు, గుండె చప్పుడు ఎన్నిసార్లు విన్నారు, బిడ్డ ఎప్పుడు ఏడ్చింది అన్నదంతా కేసు షీటులో ఉంటుంది. ఉండాల్సింది లేకపోతే అదీ సాక్ష్యమే. డాక్టర్ల మీద ఉన్న 2002 నియమాల ప్రకారం ఆ రికార్డు మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో కాపీ ఇవ్వాలి. సర్కారు ఆస్పత్రైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. నోటితో అడిగితే పొమ్మంటారు. రాసి ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. ఇంకో పెద్ద డాక్టరు ఆ కాగితాలు చూసి తప్పు ఫలానా చోట జరిగిందని చెప్తే కేసుకు బలం. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని హైదరాబాదు నుంచి పోయిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు అంది. అయినా కాన్పు కేసుల్లో అది లేకుండా నెగ్గడం కష్టం.

మనవాళ్లు చేసే రెండు పనులు ఆపాలి. ఒకటి, అద్దాలు పగలగొట్టడం. దుఃఖం మాకు తెలుసు. కానీ ఆస్పత్రుల మీద దాడులకు 2008 నుంచే మన దగ్గర ప్రత్యేక చట్టం ఉంది. అద్దం పగిలిన నిమిషంలో బాధితులం ముద్దాయిలమైపోతాం. రెండోది, పెద్దమనుషుల పంచాయితీ. ఇరవై వేలో ముప్పై వేలో చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆ డబ్బు బిడ్డ మందులకు ఏడాది రాదు. బిడ్డ బతికేది ఏడాది కాదు. వేలిముద్ర వెయ్యొద్దు.

నర్సమ్మను జైల్లో పెట్టించడం మా ఉద్దేశం కాదు. రాత్రిపూట ఒక్క నర్సు మూడు కాన్పులు చూస్తుంటే తప్పెవరిది? ఖాళీలు నింపని సర్కారుది. అందుకే సర్కారే జవాబు చెప్పాలంటున్నాం.

కేసు ఏళ్లు పడుతుంది, బిడ్డకు ఇవాళ అన్నం కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరుతో సహా ఉంది. సదరం క్యాంపుకు తీసుకుపోయి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను నెలకు 6,000 చేశారు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా. కాళ్లూ చేతులూ ఆడించే ఫిజియోథెరపీ ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మేలు. ఇవి పరిహారానికి బదులు కాదు. పింఛను ఇస్తున్నాం గదా, కేసెందుకని ఎవడన్నా అంటే నమ్మొద్దు.

మేము అడిగేవి నాలుగే. ప్రభుత్వాసుపత్రిలో జరిగిన నష్టానికీ వినియోగదారుల కమిషన్ లాంటి దగ్గర దారి చట్టంలో పెట్టాలి. డిశ్చార్జి రోజే కేసు షీటు కాపీ తల్లి చేతికివ్వాలి. పేదల కేసులకు ఉచితంగా అభిప్రాయం చెప్పే డాక్టర్ల బోర్డు జిల్లాకొకటి ఉండాలి. పురిటిగదుల్లో ఖాళీలన్నీ నింపాలి.

సంఘం కార్యకర్తలకు ఒక పని చెప్తున్నాం. మీ వాడలో ఇలాంటి బిడ్డలు ఎంతమందున్నారో రాయండి. కాన్పు ఎక్కడ, ఏ తేదీ, కాగితాలున్నాయా లేవా అని రాయండి. ఒక్క తల్లి అడిగితే ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేస్తారు. ఇరవై మంది తల్లులు ఇరవై అర్జీలతో పోతే కలెక్టరు లేచి కూర్చుంటాడు.